ఆర్మూరు గుట్టదారులలో పక్షివీక్షణము

పక్షివీక్షణ మనగా స్వేచ్ఛగా సంచరించు పక్షులను వాని సహజావాసములయందే, వానికి బాధ కలుగకుండ పరిశీలించి, పోలికలనుబట్టి గుర్తించి, వాని నడవడిని లిఖించుకొను వ్యాసంగము. ఇది తొలుత వేటకు అనుబంధమై, తరువాత జంతుశాస్త్రమునకు సహాయకమై, నేడు విద్యార్థులు మొదలుకొని వృద్ధుల వఱకు అందఱికిని అందుబాటులోనున్న విద్యావినోదముగా పరిణమించినది. కొండలును, చిట్టడవులును, పచ్చిక బయళ్లును ఒకదాని నొకటి ఒరసికొనియుండు చోట్ల కాలిబాట వెంట నడచుచు చేయు వీక్షణము ఇందులో విశేషఫలప్రదమైన శాఖ. ఏలయన, అట్టి బాటమీద ఒక్క ఉదయపు నడకలోనే మూడు నాలుగు విధములైన ఆవాసములు దాటవచ్చును, ఆవాసము మాఱినప్పుడెల్ల అందలి పక్షిజనమును మాఱుచుండును. నిజామాబాదు జిల్లాలో పసుపు వర్తకమునకు పేరొందిన ఆర్మూరు పట్టణమును, దాని చెంతనున్న గుట్టలును, వాని పాదముననున్న పసుపు చేలును, ఉత్తరమున గోదావరీతీరపు గడ్డిమైదానములును ఈ శాఖకు చక్కని క్షేత్రములు.

భూస్వరూపము, ఆవాసములు

హైదరాబాదునుండి నాగపురమునకు పోవు 44వ జాతీయ రహదారియు, నిజామాబాదునుండి జగదల్‌పూరునకు పోవు 63వ జాతీయ రహదారియు కలిసికొను చోట ఆర్మూరు ఉన్నది. పట్టణమును ఆనుకొని నల్లని బండరాళ్లు ఒకదానిపై నొకటి పేర్చినట్లు నిలిచియున్న గుట్టలు కలవు. వానిలో ముఖ్యమైనది నవనాథ సిద్ధేశ్వరుడు కొలువైన సిద్ధులగుట్ట. భక్తులు ఎక్కు మెట్లదారియే ఇచ్చట పక్షివీక్షకునికిని దారి. దక్కను పీఠభూమియందలి ప్రాచీన శిలలు ఎండకు వ్యాకోచించి, రేయి చల్లదనమునకు సంకోచించి, యుగయుగములుగా పొరలు పొరలుగా ఊడిపోవుటచేత ఇట్టి గుండురాళ్ల రాసు లేర్పడినవి. రాళ్ల సందులలో నిలుచు పిడికెడు మట్టియు, వానకాలపు చెమ్మయు ఆధారముగా తంగేడు, సీతాఫలము, రేగు, బలుసు, చండ్ర, తునికి, మోదుగ మున్నగునవి పెరుగును.

ఈ సీమ ఆవాసములను నాలుగుగా విభజింపవచ్చును. మొదటిది గుట్ట శిఖరమునందలి నగ్నశిల. రెండవది చరియలమీది ముండ్లపొదలును, చిట్టడవియు. మూడవది గుట్ట పాదమునను చెలకల అంచులందును వ్యాపించిన పచ్చిక. నాలుగవది బావులక్రిందను చెఱువులక్రిందను సాగగు పసుపు, మొక్కజొన్న, ఎఱ్ఱజొన్న చేలు. ఆకాశమునుండి చూచువానికి ఇవి వేఱు వేఱు తునుకలుగా కనిపించినను పక్షి దృష్టిలో ఇవి యొక్కటే సంసారము. గుట్టమీద గూడు కట్టిన పక్షి చేలలో మేయును; చేలలో మేసిన పక్షి పొదలలో రాత్రి గడపును. ఈ సంబంధమును గ్రహించుటయే గుట్టదారి పక్షివీక్షణముయొక్క ప్రధానప్రయోజనము.

చరిత్ర

ఇంగ్లండులో గిల్బర్టు వైటు తన గ్రామమైన సెల్బోర్నుయొక్క ప్రకృతిచరిత్రను 1789లో ప్రకటించి, ఒకే చోటును ఏండ్ల తరబడి పరిశీలించుటలోని ఫలమును లోకమునకు చూపెను. భారతదేశమున ఈ విద్యకు తొలి పునాదులు వేసినవారిలో మదరాసు సైన్యమున వైద్యుడుగా నుండిన టి.సి. జెర్డను ముఖ్యుడు. ఆయన నెల్లూరు మొదలగు తెలుగు సీమలలో పనిచేసి, 1862 మొదలు 1864 వఱకు భారతదేశ పక్షులనుగూర్చి సంపుటములు వెలువరించెను. అందు పక్షులకు తెలుగువారు వాడు పేర్లనుకూడ శ్రద్ధతో నమోదుచేసెను. జాలెడేగ, తొండలడేగ, పిల్లిగ్రద్ద, నల్లంచి, జిట్టకోడి మున్నగు పేర్లు ఆయన వ్రాతలవలన విద్వల్లోకమున నిలిచినవి. వియేయో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1816లో ఒక పక్షిప్రజాతికి పెట్టిన ‘పిట్టా’ అను శాస్త్రీయనామమును మన భాషనుండి గ్రహింపబడినదే.

బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘము 1883లో స్థాపితమైనది. ఆ సంఘముతో సంబంధముగల సలీం అలీ 1931-32 సంవత్సరములలో నిజాము రాజ్యమందలి పక్షులను సర్వేచేసి, ఆ ఫలితములను సంఘపత్రికలో పలుభాగములుగా ప్రకటించెను. తెలంగాణ పక్షులనుగూర్చిన క్రమబద్ధమైన విజ్ఞానమునకు ఈ సర్వేయే మూలస్తంభము. ఆయన 1941లో వెలువరించిన భారతీయ పక్షుల గ్రంథము సామాన్యపాఠకుని చేతికి ఈ శాస్త్రము నందించినది. హైదరాబాదులో 1980లో ఆంధ్రప్రదేశ్ పక్షివీక్షకుల సంఘ మేర్పడి, నెలనెలయు క్షేత్రయాత్రలు జరుపు సంప్రదాయమును నెలకొల్పినది. నేడది డెక్కన్ బర్డర్స్ అను పేర నడచుచున్నది. కడప జిల్లా సిద్ధవటము చెంత 1986లో కలివికోడి మరల కనుగొనబడుట తెలుగు నేలమీద పక్షిశాస్త్రమున మిక్కిలి ముఖ్యమైన ఘట్టము. 1848లో జెర్డను లోకమునకు తెలిపిన ఈ పక్షి, ఎనిమిది దశాబ్దులకు పైగా కానరాక అంతరించినదని భావింపబడుచుండగా, ముండ్లపొదల నడుమనే సజీవముగా దొరికినది. పనికిరాని తుప్పలని లోకము తలచు చోటనే అపూర్వజీవులు దాగియుండునను సత్యమునకు ఇంతకంటె నిదర్శనము వలదు.

శిలలమీది పక్షులు

బండల గుట్టలకు అధిపతి యనదగినది చెవులవలె నిక్కిన ఈకల కుచ్చులుగల పెద్ద గుడ్లగూబ. ఇది సుమారు అర మీటరు పొడవు గలది. నారింజవన్నె కన్నులు, గోధుమ నలుపు చారల దేహము దీని లక్షణములు. ఇది గూడు కట్టదు. రాతి అరుగుమీద చిన్న పల్లమున నేలమీదనే గ్రుడ్లు పెట్టును. శీతకాలము చివర సాయంసంధ్యవేళ గుట్ట క్రింద నిలిచి చెవియొగ్గినచో గంభీరముగా రెండక్షరముల కూత వినవచ్చును. అందు రెండవది దీర్ఘము. అది కూర్చుండు బండ అడుగున వెదకినచో బొటనవ్రేలంతటి బూడిదవన్నె ఉండలు దొరకును. అవి గుడ్లగూబ జీర్ణింపజేసికొనలేక కక్కివేసిన వెండ్రుకలును ఎముకలును. ఒక్క ఉండను నీటిలో నానబెట్టి విప్పినచో ఎలుకల దవడలు, పండ్లు, సన్నని ప్రక్కటెముకలు చెక్కుచెదరక బయటపడును. మొక్కజొన్న చేలను పాడుచేయు ఎలుకలను రాత్రులందు ఎవరు అదుపుచేయుచున్నారో ఆ ఉండయే సాక్ష్యము చెప్పును. ఈ పక్షి అపశకునమను భయముతో దానిని తఱుముట రైతునకు నష్టము.

బండల చూరులక్రింద మట్టిముద్దలతో దొన్నెవంటి గూడు కట్టుకొను మసివన్నె వానకోయిల జాతి పక్షులు గుట్టల నంటిపెట్టుకొని చక్కర్లు కొట్టుచుండును. శీతకాలమున ఉత్తరమునుండి వచ్చు నీలిరంగు కొండపిట్ట ఒంటరిగా ఒక బండను స్వాధీనపఱచుకొని, ఆ బండమీదనే మాసములు గడపును. నల్లంచి మాత్రము ఏడాది పొడవునను ఇచ్చటనే యుండును. మగపక్షి నిగనిగలాడు నల్లని దేహముతో, భుజమున తెల్లని మచ్చతో, తోకను వీపుమీదికి ఎత్తుచు బండనుండి బండకు దుముకుచుండును. రాళ్ల నడుమ పొదలలో జిట్టకోడి నక్కియుండును. అలికిడి యైనచో ఎగురుటకంటె పరుగెత్తి దాగుటయే దానికి ప్రీతి.

పొదలును పచ్చికయు

చరియల చిట్టడవిలో పిగిలిపిట్ట, జెముడుకాకి, వడ్రంగిపిట్ట, తేనెపిట్టలు, వంగపండువన్నె పక్షులు సామాన్యముగా కానవచ్చును. మోదుగ, బూరుగ పూచునప్పుడు ఆకులు రాలిన కొమ్మలమీద గోరింకలు, తేనెపిట్టలు, చిలుకలు గుంపులు కట్టును. ఒక్క చెట్టు క్రింద గంటసేపు కూర్చుండినచో ఆ ప్రాంతపు పక్షులలో పెక్కింటిని చూడవచ్చును. నీడగల వాగుల పట్టున, ముఖ్యముగా చలికాలమున, తోకపిగిలిపిట్ట కనిపించును. పూర్ణవయస్కమైన మగపక్షి తెల్లని దేహమునుండి రెండు పొడవైన తోక ఈకలు పట్టుదారములవలె వెనుక వ్రేలాడుచుండ, ఎగురుచునే పురుగులను పట్టును.

పచ్చిక బయళ్లలోని పక్షులు నేల రంగునే ధరించియుండుటచేత నడచువానికి త్వరగా కానరావు. పూరేడును లావుకయు గుంపుగా అణగియుండి, అడుగు దాదాపు మీద పడునంతలో ఱెక్కల చప్పుడుతో నలుదిక్కులకు లేచిపోవును. నేలపిచ్చుకలలో మగవి నిట్టనిలువుగా పైకెగసి, ఱెక్కలు ముడిచి మెట్టుమెట్టుగా జాఱుచు కూయును. చలికాలమున మధ్య ఆసియా గడ్డిమైదానములనుండి పిల్లిగ్రద్దలు వచ్చి, పచ్చికకు నాలుగైదడుగుల ఎత్తున తేలియాడుచు మిడుతలను, ఎలుకలను వెదకును. తొండలడేగయు, అడవి రామదాసును గాలిలో ఒక్కచోటనే ఱెక్కలాడించుచు నిలిచి క్రింద చూపు నిలుపును.

తీతువు పిట్టను అందఱెఱుగుదురు. దాని గూటిని చూచినవారు అరుదు. చెలక గట్టున చిన్నరాళ్ల నడుమ అది నాలుగు గ్రుడ్లు పెట్టును. గ్రుడ్ల సన్నని కొనలు లోపలికి తిరిగియుండును గనుక నాలుగును పొందికగా ఒదిగి, తల్లి రొమ్ముక్రింద సరిగా పట్టును. వానిమీది మచ్చలు చుట్టునున్న గులకరాళ్లతో కలిసిపోవును. మండువేసవిలో పొదుగుట యనగా వెచ్చచేయుట కాదు, చల్లబఱచుట. అందుచేత తల్లిదండ్రులు నీటికి పోయి పొట్ట ఈకలు తడిపికొనివచ్చి గ్రుడ్లమీద కూర్చుండును. మనుష్యుడు దగ్గఱకు వచ్చినచో అవి తలమీద చక్కర్లు కొట్టుచు తీవ్రముగా కూయును. ఆ కూతకు భయపడి చెడుశకునమనుకొనుటకంటె, ఇచ్చట సమీపముననే గూడున్నదని గ్రహించి వెనుకకు తిరుగుట వివేకము.

పసుపు చేలమీద

ఆర్మూరు సీమలో పసుపును తొలకరితో నాటి, పెక్కుచోట్ల మొక్కజొన్నను అంతరపంటగా వేసి, పుష్యమాఘములు మొదలుకొని త్రవ్వుదురు. కొమ్ములను మండలను వేఱుచేసి, ఉడుకబెట్టి, కల్లములలో ఆరబోయుదురు. త్రవ్విన నేలలోనుండి పురుగులు, గొంగళులు, వానపాములు బయటపడునప్పుడు తెల్లకొంగలు, గోరింకలు, పసులపోలిగాళ్లు, జిట్టులు కూలీల వెనువెంటనే వచ్చి నేలను శుభ్రపఱచును. ఇది యంత్రము లేకయే, విషము లేకయే సాగు కీటకనిర్మూలనము.

ఇచ్చట పాలపిట్టకు ప్రత్యేకస్థానము కలదు. తెలంగాణ ప్రభుత్వము 2014లో దీనిని రాష్ట్రపక్షిగా ప్రకటించినది. కూర్చున్నప్పుడు ఇది మట్టివన్నె రొమ్ముతో మందముగా కనిపించును. ఱెక్క విప్పిన క్షణముననే నింగినీలమును ముదురునీలమును పట్టెలుపట్టెలుగా మెఱయును. చేనిమీది విద్యుత్తీగయో, మోడైన కొమ్మయో దాని పీఠము. అచ్చటనుండి కదలక నేలను చూచుచు, మిడుతయో పేడపురుగో కనిపించినంతనే జాఱి పట్టి, తిరిగి పీఠము చేరి, పట్టినదానిని కొమ్మకు కొట్టి మ్రింగును. ఎండకాలము తొలినాళ్లలో మగపక్షి ఎత్తునకెగసి, ఇటునటు పొరలుచు దిగుచు, కఠోరముగా కూయుచు జంటను ఆకర్షించును. ఎండిన తాటిమ్రానిలోని తొఱ్ఱ దాని సూతికాగృహము. కనుక గట్టుమీది మోడుతాటిని కొట్టివేయుట పాలపిట్ట ఇంటిని కూల్చుటయే యగును.

పంటకు హానిచేయు పక్షులును లేకపోలేదు. ఎఱ్ఱజొన్న కంకులు పాలుపోసికొనునప్పుడు చిలుకలు, గిజిగాళ్లు, పిచ్చుకలు దండెత్తివచ్చును. రైతులు మంచెలెక్కి వడిసెలలు త్రిప్పి, డబ్బాలు మ్రోగించి తోలుదురు. ఐనను ఇదే గిజిగాడు తన పిల్లలకు పురుగులను మేపుననియు, లాభనష్టములు రెండును లెక్కింపవలయుననియు పక్షివీక్షకుడు మఱువరాదు.

ఋతుక్రమము

వీక్షణమునకు కార్తికమునుండి ఫాల్గునము వఱకు గల కాలము శ్రేష్ఠము. అప్పుడు స్థిరనివాసులతోబాటు వలసపక్షులును ఉండును, ఆకులు రాలుటచేత కొమ్మలలోనివి తేటగా కనిపించును, ఎండ బాధింపదు. చైత్రవైశాఖములు శిలలమీద నడచుటకు కష్టకాలమైనను, పాలపిట్ట, తీతువు మున్నగువాని సంతానకాలము. జూనులో నైరృతి ఋతుపవనము ప్రవేశించి, ఏటికి సుమారు వేయి మిల్లీమీటర్ల వర్షము నిచ్చును. ఆ వానలకు పచ్చిక మొలచి, పురుగులు పుట్టి, పొదలలో గూళ్లు వెలయును; నెమళ్లు పురివిప్పును; గిజిగాండ్రు బావులమీదికి వంగిన ఈతచెట్లకు గూళ్లల్లుదురు. వానకాలమున బండలు పాచిపట్టి జాఱును గనుక గుట్టనెక్కువారు జాగరూకులై యుండవలెను.

వీక్షణవిధానము

సూర్యోదయమునకు అరగంట ముందు గుట్ట పాదమును చేరి, తొమ్మిది గంటలకు దిగివచ్చుట మేలు. బట్టలు మట్టివన్నెవో ఆకువన్నెవో కావలెను. బైనాక్యులరు అని వ్యవహరింపబడు జంట దుర్భిణి ముఖ్యసాధనము. దానిమీద 8, 42 అను రెండంకెలుండుట సామాన్యము: మొదటిది ఎన్ని రెట్లు దగ్గఱగా చూపునో తెలుపును, రెండవది ముందు కటకముయొక్క వ్యాసమును మిల్లీమీటర్లలో తెలుపును. రెండవదానిని మొదటిదానిచే భాగించినచో కంటికి చేరు వెలుగు వలయముయొక్క వ్యాసము వచ్చును; పై యుదాహరణమున అది ఐదు మిల్లీమీటర్లకు పైగా నుండుటచేత వేకువ మసకవెలుతురులోను చక్కగా కనిపించును. అధికశక్తిగల దుర్భిణి చేతివణకునుగూడ పెంచి చూపును గనుక నడకదారిలో ఎనిమిదింతలే చాలును.

పక్షి కనిపించినంతనే పుస్తకము తెఱవరాదు. ఉన్నంతసేపు దానినే చూడవలెను. పరిమాణమును పిచ్చుక, గోరింక, కాకి అను తెలిసిన కొలతలతో పోల్చి, ముక్కు ఆకారము, తోక పొడవు, కంటిమీది చార, ఱెక్కమీది పట్టె, ఎగురు తీరు, నడక, కూత వరుసగా గమనించి, తేదీ, వేళ, స్థలము, చెట్టుపేరుతో సహా చిన్నపుస్తకమున వ్రాసికొనవలెను. రంగు వెలుతురునుబట్టి మోసగించును. ఆకృతియు నడవడియు అంతగా మోసగింపవు. గుట్టదారిలో చెవికి కంటికంటె ముందు పని దొరకును, పొదచాటున నున్నవానిని కూతవలననే గుర్తింపవలసియుండును గనుక. గూటిని సమీపించుట, కొమ్మలు తొలగించి ఛాయాచిత్రము తీయుట, ముద్రించిన కూతను వినిపించి పక్షిని రప్పించుట నిషిద్ధములుగా భావింపవలెను.

వీక్షకుల లెక్కలు నేడు శాస్త్రమునకు సాధనములు. ఆసియా నీటిపక్షుల గణనము 1987నుండి ప్రతి జనవరియందును జరుగుచున్నది. 1998లో అమెరికాయందు ఆరంభమైన ఫిబ్రవరిమాసపు పెరటిపక్షుల గణనమున భారతీయులు 2013నుండి పాల్గొనుచున్నారు.

సమీపక్షేత్రములు

ఆర్మూరునకు ఉత్తరమున గోదావరిపై పోచంపాడు వద్ద శ్రీరాంసాగరు జలాశయము కలదు. 1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూ దీనికి శంకుస్థాపన చేసెను. నీరు తీసిన వేళ బయటపడు విశాలమైన పచ్చికపట్టులందు కృష్ణజింకలు మేయుచుండును. రివ్వలు, ఉల్లంకులు, కొంగలు తీరమున నుండును. నిజామాబాదు చెంత అలీసాగరు చుట్టునున్న అడవిగుట్టలును నడకకు అనుకూలములు. మెదకు, కామారెడ్డి జిల్లాలలోని పోచారము, ఒకప్పుడు నిజాము వేటస్థలమై, 1952లో అభయారణ్యమైనది. గోదావరికి ఆవల కవ్వాల అడవి 2012లో పులుల అభయారణ్యముగా ప్రకటింపబడినది. పచ్చగువ్వలకు, వడ్రంగిపిట్టలకు అది నెలవు. ఆసిఫాబాదు సీమలో బెజ్జూరు అడవులందలి పాలరాపుగుట్ట కొండచరియమీద రాబందుల స్థావరము 2013లో వెలుగులోనికి వచ్చినది. పశువులకిచ్చు డైక్లోఫినాక్ అను మందు కళేబరములద్వారా దేశమందలి రాబందులను దాదాపు నిర్మూలించినందున, 2006లో దాని పశువైద్యవినియోగము నిషేధింపబడినది. రాతిగుట్ట ఒక జాతికి తుదిశరణ్యము కాగలదని పాలరాపుగుట్ట చాటుచున్నది.

విపత్తులు, రక్షణము

2023లో వెలువడిన భారతీయ పక్షుల స్థితి నివేదిక 942 జాతులను పరిశీలించి, 178 జాతులకు తక్షణరక్షణము అవసరమని నిర్ణయించినది. బహిరంగ పచ్చికలందును చిట్టడవులందును జీవించు పక్షులు అధికముగా తగ్గుచున్నవని అది తెలిపినది. సర్వసామాన్యమని మన మనుకొను పాలపిట్ట సయితము తగ్గినవానిలో నున్నది. కారణములు మనకు అపరిచితములు కావు: భూమి లెక్కలలో పచ్చికను బంజరని వ్రాసి దున్నుట, కట్టడములకు ఇచ్చుట, లేదా మేలుచేయుచున్నామను తలంపుతోనే దట్టముగా చెట్లు నాటి నేలపక్షులకు చోటు లేకుండ జేయుట, గ్రానైటుకొఱకు గుట్టలను పగులగొట్టుట, చేలలో విషములు చల్లి పురుగులతోబాటు పురుగులు తిను పక్షులనుగూడ నశింపజేయుట, యాత్రికులు గుట్టమీద ప్లాస్టికు విడుచుట.

విజయదశమినాడు జమ్మికి మ్రొక్కి, పాలపిట్టను దర్శించుట మన ఆచారము. దర్శనముకొఱకు వలపన్ని, ఱెక్కలు కట్టి, పంజరముననుంచి ఇంటింటికిని చూపుచు సొమ్ము పుచ్చుకొనువారు కొందఱు కలరు. అట్లు పట్టబడిన పక్షులు ఆకలిచేతను గాయములచేతను చనిపోవును. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముప్రకారము ఇది నేరము. ఆచారముయొక్క ఆశయమునకును విరుద్ధము. ఊరిపొలిమేర దాటి, సొంతరెక్కలతో ఎగురు పక్షిని చూచుటయే పూర్వుల నిర్దేశము.

ఆర్మూరు పరిసరములందలి ఉపాధ్యాయులును విద్యార్థులును సిద్ధులగుట్ట మెట్లదారిని ఒక పాఠశాలగా స్వీకరించి, నెలకొకమాఱైన తెల్లవారుజామున ఎక్కి, కనిపించిన పక్షులను, వానికి ఊరిపెద్దలు చెప్పు తెలుగుపేర్లను, పూచిన చెట్లను, గూళ్ల కాలమును ఒకే దస్త్రమున ఏటేట వ్రాయుచు రావలెను. పదియేండ్లు నిలిచిన అట్టి దస్త్రము గుట్టను కాపాడవలసినపుడు అధికారుల యెదుట నిలుచు ప్రమాణమగును. పెద్దలతో అంతరించుచున్న పేర్లకు ఆశ్రయమగును. పసుపు మార్కెటులో ప్రతి బస్తాకును లెక్కవ్రాయు ఊరు, తన గుట్టమీది పక్షులకును లెక్కవ్రాసికొనుట ఉచితము, అవశ్యకర్తవ్యము.